బూట్లు విప్పని హవల్దార్

క్యాంపులో అందరికంటే వేగంగా లైను నడిపింది నేనే. ఎలాగంటే, బూట్లు విప్పమని ఎవరినీ గట్టిగా అడగలేదు. కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి, గుమ్మం ముందు జనం నిలబడితే నా చేతులు ఊరుకోవు.

మా ఆర్మీ వైద్య బృందం విశాఖలో దిగింది జూన్ మొదట్లో, తెల్లవారుజామున అయిదింటికి. పోర్టు వెనక మైదానం. రెండు టెంట్లు, ఒక జనరేటర్, గుండెను తెర మీద చూపే ఒక ఎకో మిషను. ఉప్పుగాలి, ఉక్క. తెల్ల దుప్పటి పరిస్తే పోర్టు బొగ్గు దుమ్ముకి మధ్యాహ్నానికి బూడిద రంగు. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల జబ్బున్న మాజీ సైనికులకు గుండె పరీక్ష, అదీ మా డ్యూటీ. నేను నర్సింగ్ అసిస్టెంటుని.

డాక్టర్ మేడమ్ ఆర్డరు చిన్నది. ఆయాసం వస్తే రోగీ, మనమూ ఊపిరితిత్తుల్నే అంటాం. ఆ చాటున గుండె కుడి భాగం అలిసిపోతుంది. కాబట్టి ఆరు నిమిషాలు నడిపించాలి. బూట్లూ మేజోళ్లూ విప్పించి కాళ్ల వాపు చూడాలి. అనుమానముంటే ఎకోకి పంపాలి.

మూడో రోజు భీమిలి నుంచి ఒక రిటైర్డ్ హవల్దార్ వచ్చారు. ఆయన బూట్లలో మొహం చూసుకోవచ్చు. లేసులు బిగించి కట్టారు. విప్పమన్నాను, మొక్కుబడిగా.

"యూనిఫాం ముందర బూట్లిప్పి నిలబడమంతావేటి బావా? నాది ఊపిరి గొడవ. గుండె గట్టిదే."

బేరం కుదిరింది. నడవమన్నాను. నా గొంతులో పరేడ్ గ్రౌండు వినపడిందేమో, గడ్డం ఎత్తి, చేతులు ఊపుతూ, ఎక్కడా ఆగకుండా నడిచారు. చివర్లో సెల్యూట్ కొట్టారు. ఆయన నోట మాట రాలేదు. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

వాకీటాకీలో ఎకో టెక్నీషియన్ అడిగాడు: "ఈయన్ని పంపుతన్నావా?"

"అవసరం లేదు. ఓవర్."

డిసెంబరులో రెండో విడత, అదే మైదానం. హవల్దార్ ఆటోలో వచ్చారు, రబ్బరు చెప్పులతో. బూట్లు పట్టడం లేదట. రాత్రిళ్లు కూర్చునే కునుకు తీస్తున్నారట. చీలమండ పైన బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీశాను. గుంట అలాగే ఉంది.

"నువ్వు విప్పమన్నావు కదేటి," అన్నారు, తప్పు తనదైనట్టు. "నానే పరువనుకున్నాను."

ఎకోలో గుండె కుడి భాగం సాగి కనిపించింది. మందులు మొదలుపెట్టారు. మెట్లెక్కొద్దన్నారు. ఆ రోజు నుంచి అందరి బూట్లూ విప్పించాను. లైను రోడ్డు దాకా పోయింది.

తర్వాత నేనూ రిటైరై ఇంటికొచ్చి కొట్టులో కూర్చున్నాను. గుమ్మంలో ఎవరు చెప్పులు విడిచినా నా కళ్లు కాళ్ల మీదకే పోతాయి. ఆ గుంట ఇంకా పూడలేదు.

జూన్‌లోనే చూసుంటే జబ్బు దొరికేదని ఖాయంగా చెప్పలేనని మేడమ్ అప్పట్లోనే అన్నారు. అది నాకిచ్చిన తగ్గింపు. జీవితంలో మొదటిసారి తగ్గింపు వద్దన్నాను. నేను మిగుల్చుకున్నది అర నిమిషం. ఆయనకైన ఖర్చు ఆరు నెలలు.