కిటికీకి పూసిన ఉప్పు

మా పెద్దమ్మ ఎస్తేరమ్మకు బావి మీద కోపం. నాగర్‌కర్నూలు దాపున ఆమె పనిచేసిన దవాఖాన బావిలో నీళ్లు ఉప్పుకషాయం. వాటితో కడిగితే కిటికీ ఆరేసరికి అద్దానికి తెల్లగా ఉప్పు పూసేది. పెద్దమ్మ బావిని నోటికొచ్చినట్టు తిడుతూనే పద్దెనిమిదేళ్లు ఆ అద్దాలు తుడిచింది. చింతపండు పిసికి, ఆ పులుసు మరకలకు పట్టించి, కాసేపాగి రుద్దేది. వానాకాలంలో చూరునీళ్లు కాగుల్లో పట్టి దాచేది. ఆఖరి కడుగుడు వాటితోనే. ఆ వెంటనే పాత ధోవతి గుడ్డతో పొడిగా తుడవాలి. "తడి ఆరనిచ్చినవా, ఉప్పు పుట్టినట్టే" అనేది. ఆమె తుడిచిన అద్దం కనబడక పిచ్చుకలొచ్చి కొట్టుకునేవి. అది చెప్పుకుని మురిసిపోయేది.

1943 ఎండాకాలంలో ఆమె ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ల పుష్పమ్మకు అమ్మవారు పోసింది. కిరస్తానం వాళ్లమైనా ఆ రోగాన్ని మేమూ అమ్మవారనే అనేవాళ్లం. దవాఖాన వెనుక విడిగదిలో పడుకోబెట్టారు. కాంపౌండరు వెంకటన్న తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. పెద్దమ్మ మూసిన కిటికీ బయట నిలబడి, అవతలి గోడ వారన మంచంలో ఉన్న బిడ్డను చూసేది.

జ్వరం తగ్గి లేచి కూర్చున్న రోజు పిల్ల అరిచింది. "అమ్మా, అద్దానికి ఉప్పు పూసిందే. నువ్వు మసకమసకగ అగపడుతున్నవ్."

పెద్దమ్మకు తలకొట్టేసినట్టయింది. అందరి కిటికీలు తుడిచి సొంత బిడ్డ కిటికీ మరిచానా అనుకుంది. చింతపండు తెచ్చి రుద్దింది. మర్నాడూ పిల్లది అదే మాట. నిమ్మచెక్కతో రుద్దింది. మూడోనాడు కాగులో మిగిలిన వాననీళ్లన్నీ పోసేసింది. లోపలివైపు వెంకటన్న చేత తుడిపించింది. అద్దం ఉందో లేదో తెలియనట్టయింది.

"ఇంక తెల్లగనే ఉన్నదే అమ్మా."

"నా పనికే వంక పెడ్తవా? పద్దెనిమిదేండ్ల సంది తుడుస్తున్న, నాకు తెల్వదా?" అని కసురుకుంది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. అలా తిరగడాన్ని పెద్దమ్మ చచ్చేదాకా మరిచిపోలేదు. చెప్పిన ప్రతిసారీ ఏడ్చింది.

వారానికి పొక్కులు రాలాయి. వెంకటన్న మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపి రెక్కలు బార్లా తీశాడు. మధ్యలో ఇక అద్దం లేదు. పెద్దమ్మ చెయ్యి చాచి బిడ్డ చెంప నిమిరింది. అన్నాళ్లూ ఉబ్బి సగమే తెరుచుకున్న రెప్పలు ఇప్పుడు పూర్తిగా విచ్చుకున్నాయి. రెండు కళ్లలోనూ తెల్లటి పొర. మా వైపు దాన్ని పువ్వంటారు. ఆ పేరు పెట్టిన నోట్లో మన్ను పడ!

పుష్పమ్మ తల్లి చేతిని తడిమి పట్టుకుంది.

"ఇంక పోలేదమ్మా ఉప్పు. రేపు జర ఎక్కువ చింతపండు తే."

"తెస్త బిడ్డా," అంది పెద్దమ్మ. "శానా తెస్త."