ముక్కుపుడక ఎవరు తీశారు

నా కుర్రతనంలో శంషాబాద్ బజారులో ఒక క్యాసెట్ల దుకాణం ఉండేది. కావలసిన సినిమా పాటలు కాగితం మీద రాసిస్తే దుకాణదారు ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు. చివర కాస్త టేపు మిగిలితే ఊరికే పోనివ్వకుండా తనకు తోచిందేదో నింపేవాడు. నా క్యాసెట్ చివర ఆయన నింపింది ఢోలక్ పాట. ముస్లింల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని, ఢోలక్ కొడుతూ వియ్యాలవారిని ఆటపట్టించే పాట అది. పాడింది ఎవరో పెద్దామె, గొంతు బొంగురు. సినిమా పాటలు అవగానే టక్కున ఆపేసేవాణ్ణి. ఆ వయసులో ముసలమ్మ పాట ఎవడికి కావాలి!

విమానాశ్రయం వచ్చాక అక్కడ సరుకుల విభాగంలో ఉద్యోగం దొరికింది. బడంగ్‌పేట్ నుంచి వెళ్ళిరావడానికి ఓ పాత కారు కొన్నాను. దాని క్యాసెట్ ప్లేయర్ మహా మొండిది. ఆపాలన్నా, క్యాసెట్ బయటికి తీయాలన్నా స్క్రూడ్రైవర్ పట్టుకోవాల్సిందే. అటక మీద దొరికిన నా పాత క్యాసెట్ అందులో వేశాను. ఒక సాయంత్రం తొండుపల్లి దగ్గర లారీల మధ్య ఇరుక్కుని, హారన్ మోగిస్తూ తిట్టుకుంటూ ఉంటే, సినిమా పాటలు అయిపోయి పెద్దామె అందుకుంది.

వియ్యపురాలి ముక్కుపుడక పోయిందట. ఎవరు తీశారు? ఆమె మొగుడా? పాపం, ఆయనకు తన చెప్పులే కనబడవు. తమ్ముడా? బిర్యానీ డేగిసా దగ్గర్నుంచి లేస్తే కదా! ఒక్కొక్కరికీ ఒక్కో చురక. వెనక నవ్వులు, గాజుల గలగల. అబ్బ, ఏం గొంతు! ఇన్నేళ్ళూ ఇంట్లో పెట్టుకుని వినలేదే అని నా మీద నాకే మంటెత్తింది. ఇక దొంగ పేరు చెప్పబోతోంది అనగా టేపు అయిపోయింది.

అప్పట్నుంచి నాకు స్థిమితం లేదు. అన్నం తింటున్నా అదే ధ్యాస, పని చేస్తున్నా అదే ధ్యాస. పిచ్చి పట్టిందా అని మా ఆవిడ దెప్పింది. ఆఫీసులో పాతబస్తీ నుంచి వచ్చే ఒకామెను అడిగితే, ఆ పాట తమకూ తెలుసుగానీ దొంగ మాత్రం పాడేవాళ్ళ ఇష్టమనీ, పెళ్ళికో దొంగ అనీ చెప్పింది. దాంతో నా తిక్క ఇంకా ముదిరింది. నాకు కావలసింది ఆ పెళ్ళి దొంగ.

బజారుకు పోతే ఆ దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పాతాయన అత్తాపూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నాడని వాళ్ళే చెప్పారు. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. పెద్ద వంతెన కింది గల్లీలో, గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. టేపు చివరి పాట సంగతి ఎత్తి, అది కారులో ఉందనగానే మాత్రం చేతికర్ర వెతుక్కుని లేచి, కారెక్కి కూర్చున్నాడు.

పాట మొదలైంది. ఆయన ప్లేయర్ వైపు వంగి విన్నాడు. టేపు ఆగిపోయింది.

"మా అమ్మ," అన్నాడు. "నా షాదీల పాడింది. నా తాన ఉన్న టేపంత బూజు వట్టి పోయింది. మళ్ళ వింట అనుకోలే."

ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నాకు అడగబుద్ధి కాలేదు. అయినా ఆగలేక అడిగేశాను, ముక్కుపుడక ఎవరు తీశారని.

"ఎప్పుడైన అవతలోళ్ళ మీదనే ఏసేది. గా దినం బిడ్డను పంపుతున్నమని మా అత్త ఒకటే ఏడుపు. గామెను జర నవ్వియ్యాలని అమ్మ నా పేరే పెట్టింది. దొంగను నేనే, బేటా."

ఇక ఆ పాట నా దగ్గర ఉండడం ధర్మం కాదనిపించింది. స్క్రూడ్రైవర్ తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకు. ఇంట్ల గిది వినేటి మిషిన్ ఏడున్నది? గీడనే ఇంకోసారి పెట్టు."

వెనక్కి తిప్పి పెట్టాను. ఈసారి టేపు ఆగినచోట ఆయన ఆగలేదు. అదే బొంగురు గొంతుతో, దొంగ పేరు దగ్గర తన పేరు తానే పాడుకున్నాడు.