మట్టి గుళికలు, బియ్యం కడుగు

నేను రిటైరవడానికి ఏడాది ముందు, వానలు మొదలయ్యే రోజుల్లో, కంపెనీ నన్ను మారతహళ్ళిలో ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్‌కు పంపింది. మాది కె.ఆర్.పురం దగ్గర, మట్టి లేకుండా మొక్కలు పెంచే హైడ్రోపోనిక్ తోటలు వేసిచ్చే చిన్న సంస్థ. నా హోదా సీనియర్ క్రాప్ అడ్వైజర్. అంటే మొక్కలకు జబ్బు చేస్తే కబురందుకునే మనిషిని.

ఆ టెర్రస్ మీద గోంగూర తోట వేయించింది సునీత, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గుంటూరు మనిషి. స్థలం కోసం అసోసియేషన్‌లో చాలా మాటలు పడింది. అక్కడ షటిల్ కోర్టు కావాలనేవాళ్లు కాచుకుని ఉన్నారు. నెలాఖరు మీటింగ్‌లోపు మొక్కలు తేరుకోకపోతే స్థలం వాళ్లది.

"ఇవి పోతే నేను లిఫ్ట్‌లో తలెత్తుకోలేను సార్," అంది.

మట్టికి బదులు వేరుకు ఏది ఆధారమన్నది మా పనిలో మొదటి ప్రశ్న. కొబ్బరిపొట్టు తడిని బాగా పట్టుకుంటుంది. కానీ ఉప్పు పోయేదాకా కడగాలి, వానకు తడిస్తే ఓ పట్టాన ఆరదు. అందుకే అక్కడ తోట వేసినప్పుడు కాల్చిన మట్టి గుళికలు నింపించాను. రేగుపళ్లంత ఉంటాయి. నీరు ఇట్టే జారిపోతుంది, సందుల్లోంచి వేరుకు గాలి అందుతుంది, కడుక్కుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. బకెట్లలో గుళికలు, కింద ట్యాంకులో ఎరువు కలిపిన నీళ్లు, వాటిని పైకి తోడే పంపు. వంక పెట్టడానికి లేదు.

అయినా ఆకులు పాలిపోయి వాలిపోయాయి. మీటరు ముంచితే నీళ్లలో పులుపు బాగా పెరిగింది. బకెట్లో చెయ్యి పెడితే గుళికలు జారుతున్నాయి. వాసన చూశాను. పులిసిన గంజి!

ఇందులో గంజి ఎవరు పోశారని అడిగాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చూడ్డానికి పైకొచ్చిన పెద్దవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడో అంతస్తు రెడ్డెమ్మగారు, బెంగళూరులోనే పుట్టి పెరిగిన పెద్దావిడ, ముందుకొచ్చారు.

"గంజి కాదప్పా, బియ్యం కడిగిన నీళ్లు. దినామూ నేనే పోస్తా ఉండాను. మన్ను కూడా లేకుండా ఉండాయి, పాపం. ఉత్త నీళ్లు తాగి ఎట్ల బతుకుతాయప్పా?"

ఆ వెంటనే ఇంకొకావిడ తానూ పోస్తున్నానన్నారు. మరొకరు మినప్పప్పు కడుగు కూడా పోశారట. చివరికి సునీత వాళ్లమ్మ గొంతు సవరించుకున్నారు. పిల్లలు ఆఫీసులకు వెళ్లాక ఎవరికి వారు, తామొక్కరే అనుకుని పోశారు. సునీత నెత్తి కొట్టుకుని తనే నవ్వేసింది. నాకూ నవ్వాగలేదు.

మట్టిలోనైతే ఆ నీళ్లు ఇంకిపోతాయి. గుళికల మధ్య అందులోని పిండి పులిసి, జిగురై, గాలి సందులు మూసేస్తుంది. అది చెప్పి ట్యాంకు ఖాళీ చేయించాను. కుళ్లిన వేర్లు కత్తిరించి, గుళికలన్నీ బేసిన్లలో పోయించాను. కడిగే పద్ధతి చూపించబోతే రెడ్డెమ్మగారు ఆపారు.

"బియ్యం కడిగేవాళ్లకు కడిగేది నేర్పిస్తావా?"

తేటనీళ్లు వచ్చేదాకా వదల్లేదు వాళ్లు. ఆ సందడికి షటిల్ జట్టు కూడా వచ్చి బకెట్లు మోసింది. సాయంత్రం నేను మట్టికుండీలో ఒక కరివేపాకు మొక్క తెచ్చి టెర్రస్ తలుపు దగ్గర పెట్టి, కడుగునీళ్లన్నీ దీనికేనని చెప్పాను.

మీటింగ్ నాటికి గోంగూర చిగిర్చింది. కోసినది కొంచెమే అయినా వేడన్నంలోకి అందరికీ తలా ముద్ద పచ్చడి అందింది. మారు వడ్డించమన్న మొదటి మనిషి షటిల్ జట్టు పెద్ద. తోట ఉండాలని చెయ్యెత్తిన మొదటి మనిషీ ఆయనే. ఉద్యోగంలో అంత సంతోషపడిన పూట నాకు మరొకటి గుర్తులేదు.

వేరుకు ఆధారమయ్యే మీడియం ఎంచేటప్పుడు నీటినీ వేరునూ చూస్తే చాలదు. రోజూ దాని దగ్గరికొచ్చే చేతులు ఏం తెస్తాయో కూడా చూడాలి. ఆ తర్వాత నేను వేసిన ప్రతి టెర్రస్ తోటకూ ముందు కరివేపాకు కుండీ పెట్టించాను. పైపులు ఆ తర్వాతే.