పోలమ్మత్త చూపించిన వైపు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో. నౌపడలో నేనొక దినపత్రికకు కంట్రిబ్యూటర్ని, అంటే ఊళ్లోనే ఉండి వార్తలు పంపే మనిషిని. పెద్ద పేపరు మడతలో వచ్చే చిన్న జిల్లా పత్రికను మేం టాబ్లాయిడ్ అంటాం. అందులో మా జనం ఎప్పుడూ ఏదో ఒకటి చేత్తో చూపిస్తూనే ఉంటారు. గుంతను చూపుతున్న గ్రామస్థులు, ఎండిన చేను చూపుతున్న రైతు. నవ్వు మొహాలు కావాలంటే పుట్టినరోజు ప్రకటనల్లో వెతుక్కోవాలి.

ఆ వారం అకాల వర్షానికి ఉప్పుమడులు మునిగాయి. నీరు సముద్రం వైపు పోవాల్సిన మదుము ఒండ్రుతో పూడిపోయింది. అది తీయిస్తే తప్ప ఆ ఏడు ఉప్పు లేదు, మడుల్ని నమ్ముకున్న ఇళ్లకు పని లేదు. పేపర్లో పడితేనే అధికారులు కదులుతారని అందరూ నా మీద పడ్డారు.

నేను వెళ్లేసరికి, అక్కడ ఉప్పు పండించే పోలమ్మత్త తన మడి మధ్యలో నిలబడి ఉంది. గాలి లేదు. మబ్బులన్నీ ఆమె కాళ్ల దగ్గరే ఉన్నాయి.

"సూడల్లుడా, ఆకాశం దిగొచ్చి మన మడిలో తొంగున్నాది," అని నవ్వింది. ఆ నవ్వే ఫొటో తీసి పంపాను.

డెస్క్, అంటే వార్తలు దిద్దే ఆఫీసు నుంచి వెంటనే ఫోన్. "నవ్వే మనిషికి నష్టమేంటండీ? కాస్త దిగులుండాలి. మదుము వైపు చెయ్యి చూపించమనండి."

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి, సిగ్గుపడుతూనే అడిగాను. "కొంచెం ఏడుపు మొహం పెట్టత్తా."

"మడిలో నీలు సాలవేటి, నా కన్నీలు కూడా కావాలా?" అంది.

సరిగ్గా అప్పుడే తేలినీలాపురం వైపు నుంచి గూడబాతులు లేచాయి. ఏటా గుడ్లు పొదగడానికి వచ్చే ఆ పక్షుల్ని మావాళ్లు పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. తెల్లగా, తొందరేమీ లేనట్టు, మడుల మీద ఒక చుట్టు చుట్టాయి. కింద నీళ్లలో ఇంకో గుంపు తిరిగింది. ఏది పైనో ఏది కిందో నాకు కాసేపు తెలియలేదు.

"ఎలిపోతన్నారురా మన పిల్లలు," అంటూ పోలమ్మత్త చెయ్యెత్తి చూపించింది. కళ్లు నిండిపోయాయి. నా వేలు దానంతటదే నొక్కేసింది.

మర్నాటి టాబ్లాయిడ్‌లో మొదటి పేజీ ఫొటో అదే. కింద క్యాప్షన్: 'పూడిన మదుమును చూపుతూ కంటతడి పెడుతున్న పోలమ్మ'. రెండు రోజుల్లో యంత్రం వచ్చి ఒండ్రు తీసింది. నీరు పోయింది. ఆ ఏడు ఉప్పు ఆలస్యంగానైనా తెల్లగా పండింది. నాకెంత సంతోషమో చెప్పలేను.

పేపరు చూపిస్తే పోలమ్మత్త తిప్పి తిప్పి చూసింది. "మదుము బాగయినాది, సాలు. కానీ అల్లుడా, పిట్టలేవిరా?"

పైభాగం డెస్క్‌లో కత్తిరించేశారు.

టెక్కలి స్టూడియోలో పూర్తి ఫొటో కడిగించి ఇచ్చాను. ఇంట్లో గోడకు పెట్టుకుంది. అందులో మదుము ఎక్కడా లేదు. ఫొటో తీసినప్పుడు అది అసలు నా వెనకవైపు ఉంది.

ఇప్పటికీ చేతులు చూపించే ఫొటోలే పంపుతున్నాను. వాటివల్ల పనులవుతున్నాయి మరి. కాకపోతే తీసే ముందు, ఆ చెయ్యి చూపిస్తున్న వైపు నేనూ కాసేపు చూస్తాను. ఆలస్యమైందని డెస్క్ వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.