ఎనిమిదో గీత పక్కన చుక్క

మొన్న నంద్యాలలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంటే మా మనవరాలి ఫోనులో పియానో మోగింది. నాలుగే స్వరాలు, మళ్ళీ మళ్ళీ అవే నాలుగు. "ఇరుక్కుపోయిందేమో చూడు" అన్నాను. "కాదవ్వా, ఇప్పటి విదేశీ శాస్త్రీయ సంగీతంలో ఇదొక పద్ధతి" అంది. నేను నమ్మలేదు. పాలవాడు చెంబు వంచితే అందులో నీళ్ళెన్నో అంచనా వేసే రకాన్ని నేను. ఇంతలో ఒక్క స్వరం మారింది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. జ్ఞానమ్మ టీచరు గుర్తొచ్చింది.

డెబ్బైల చివర ఆళ్ళగడ్డలో మా చర్చి హార్మోనియం వాయించేది ఆమే. నాకు నేర్పిందీ ఆమే. మిషను ఆస్పత్రికి వచ్చిపోయిన ఒక దొరసాని ఆమెకు ఇలాంటి సంగీతమే ఉన్న క్యాసెట్టు ఒకటి ఇచ్చింది. అది విన్నప్పటి నుంచి, ఆరాధనకు ముందు చిన్న ముక్కనే పట్టుకుని పావుగంట వాయించేది. అడిగితే, "శానా స్వరాలు ఎందుకమ్మీ? ఉన్న నాలుగూ నిదానంగా వినేవాళ్ళు యాడుండారు?" అనేది. పాటలు మరిచిపోయి, ఆ క్యాసెట్టు వంకతో కప్పిపుచ్చుకుంటోందని నా అనుమానం.

సంఘ పెద్ద దేవదానం గారికీ అదే అనుమానం. "రూతమ్మా, ఆమెకు మతి తప్పుతాందేమో. పక్కన కూచోని చూడు. నిజమైతే ఇంక నువ్వే వాయించల్ల" అన్నాడు. ఆ చివరి మాట నాకు తియ్యగా తగిలింది.

ఆదివారం ఆమె పక్కన కూర్చుని, ముక్క పూర్తయిన ప్రతిసారీ పాటల పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో ఒక గీత గీశాను. ఎనిమిదో గీత దగ్గర ఒక స్వరం మారింది. పక్కన చుక్క పెట్టాను. పదహారు దగ్గర ఇంకొకటి, ఇరవైనాలుగు దగ్గర మరొకటి. మతి తప్పిన మనిషికి ఇంత లెక్క ఉండదని నాకు అక్కడే తెలిసిపోయింది.

"ఏందమ్మా సంగతి?" అని పెద్ద అడిగాడు. "ఆ ముక్కే ముప్పైరెండు సార్లు వాయించింది" అన్నాను. చుక్కల మాట ఎత్తలేదు.

మరుసటి ఆదివారం హార్మోనియం ముందు నేను కూర్చున్నాను. టీచరు ఆడవాళ్ళ చాప మీద ముందు వరుసలో కూర్చుని చివరిదాకా విన్నది. బయట చెప్పుల దగ్గర కలిసి, "బాగా వాయించినావమ్మీ" అంది. ఎగతాళేమోనని ముఖం చూశాను. కాదు.

"నువ్వు గీతలు గీస్తాంటే చూసినా. పెద్దోళ్ళు పంపినారని తెలుసు. నీకు తెలియాలనే మారేకాడ రోంత గట్టిగా నొక్కినా. వినపళ్ళేదా?"

"వినపళ్ళేదు టీచరమ్మా" అన్నాను.

"అట్లయితే నేనే సరిగా నొక్కలేదేమో లే" అని నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆమె నా మాట నమ్మింది. సిగ్గుతో ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే. మనవరాలు ఫోను ఆపబోతే ఉండనిమ్మన్నాను. కాయలు పక్కన పెట్టి, ఎనిమిదోసారి కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను.