మోతి ఎవరి పక్కన నడిచింది?

దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొచ్చేది. కరీంనగర్‌లో మా బాపు మిషన్ బడి పంతులు. చిన్నప్పుడు పెరట్లోకి పోవడానికి భయపడితే, లాంతరు చేతికిచ్చి ఏముందో చూసి రమ్మని పంపేవాడు. ఎప్పుడు చూసినా ఏమీ ఉండేది కాదు. అలా పెరిగినదాన్ని కాబట్టి ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ మొహమాటంగా ఉంటుంది. అదీ పట్టపగలు జరిగింది.

పెళ్లయ్యాక ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గుగని కాలనీకి వచ్చాను. మా ఆయన దానియేలు గనిలో బొగ్గు నింపే పని చేసేవాడు. మిషన్ దవాఖాన వెనక రేకుల షెడ్డులో కమలమ్మ సిస్టరు కుక్కలను సాకేది. కాలనీ ఖాళీ చేసి పోయినవాళ్లు వదిలేసిన కుక్కలవి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, వాటిని రోజూ కాసేపు తిప్పడానికి ఎవరైనా వస్తారా అని అడిగింది. అప్పటికి పిల్లాజెల్లా లేరు, ఇంట్లో పొద్దుపోదు. చేయెత్తాను.

"కుక్కలకు సుత షికారు గావాల్నా?" అని పక్కింటి లచ్చవ్వ కనబడినప్పుడల్లా ఆటపట్టించేది.

నా వంతుకు మోతి వచ్చింది. గోధుమరంగు కుక్క, ఒక చెవి మడత. దాని యజమాని ఓదెలు ఆ ఎండాకాలమే గనిలో పైకప్పు నుంచి రాయి మీద పడి చనిపోయాడు. భార్య జమ్మికుంట దగ్గరి పుట్టింటికి పోతూ కుక్కను సిస్టరుకు అప్పగించింది. ఓదెలును నేనెన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం షిఫ్టు దిగే సైరన్ మోగగానే మోతి నన్ను గని గేటు దగ్గరికి లాక్కుపోయేది. అక్కడ కూర్చునేది. నల్లటి ముఖాలతో జనం వచ్చేవారు. దానియేలు కూడా నాకు చేయి ఊపి ఇంటికి పోయేవాడు. అందరూ పోయి గేటు ఖాళీ అయ్యాక మోతి లేచి తోక ఊపేది. ఇక నా పక్కన నడిచేది కాదు. గొలుసు అందినంత దూరం జరిగి, మనిషి ముఖం ఉండే ఎత్తుకు తలెత్తి చూసుకుంటూ నడిచేది. మధ్యమధ్య ఎవరికోసమో ఆగేది. అలా ఓదెలు పాత క్వార్టరు దాకా పోయి, మెట్టు మీద కాసేపు పడుకుని నాతో తిరిగి వచ్చేది.

పాపం, అలవాటు అనుకున్నాను. లచ్చవ్వకు చెబితే మాత్రం ఆటపట్టించడం మానేసింది. ఓదెలుకు దగ్గు ఉండేదని, అది వచ్చినప్పుడల్లా దారిలో ఆగిపోయేవాడని చెప్పింది.

వానలు మొదలయ్యాక ఒకనాడు మోతి ఓదెలు సందులోకి తిరగలేదు. మా సందులోకి తిరిగింది. ఎంత లాగినా ఆగలేదు. మా గుమ్మం ముందుకు వచ్చి, పెద్దవాళ్లకు దారి ఇచ్చినట్టు పక్కకు జరిగి నిలబడింది. తలుపు తెరిచే ఉంది.

దానియేలు తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "ఎవరొచ్చిండ్రు?" అన్నాడు. ఎవరూ రాలేదన్నాను. "దగ్గినట్టు ఇనబడ్డది గదా," అన్నాడు.

మోతి లోపలికి పోయి, గోడకు వేలాడుతున్న ఆయన చొక్కా కింద కూర్చుని మూలగసాగింది. జేబులో చూస్తే ఇత్తడి బిళ్ల. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు బిళ్ల ఉంటుంది. దీపాల గదిలో అది చూపిస్తే దీపం ఇస్తారు. లోపల ఏదైనా జరిగితే మనిషి ఎవరో తెలియాలని దాన్ని మొలతాడుకు కట్టుకుని దిగుతారు. దానియేలు తన బిళ్ల పోగొట్టుకున్నాడు. ఆ పొద్దునే కొత్తది ఇచ్చారట. కానీ అది కొత్తది కాదు. అంచు అరిగిపోయి, చేత్తో వేసిన రెండో తూటు ఉంది.

మర్నాడు ఆయన షిఫ్టుకు బయల్దేరితే, ఆ బిళ్లతో దిగనివ్వనని గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"నాగా పెడితే ఊకుంటరా? పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు. నాగా అంటే పని ఎగ్గొట్టడం. నేను కదల్లేదు. చివరికి ఇద్దరం కలిసి దీపాల గదికి పోయాం.

కిటికీ వెనక దీపాలిచ్చే రాజయ్య తాత బిళ్ల తీసుకుని, ఆ రెండో తూటు చూసి, చేయి కాలినట్టు బల్ల మీద పెట్టేశాడు.

"గిదెక్కడిది నీకు? ఓదెలు బిళ్ల గిది. వాని పీనుగు మీద సుత దొరకలే. కిందనే పోయింది."

"నిన్న గీ కిటికీలనే ఇచ్చిండ్రు," అన్నాడు దానియేలు. "లోపటినుంచి ఎవలో చెయ్యి జాపి ఇచ్చిండు. మొఖం చూడలే. దగ్గుతుండె."

రాజయ్య తాత వెనక్కి తిరిగి ఖాళీ గదిలోకి చూశాడు. "నిన్న పొద్దుగాల గీడ నేనొక్కన్నే ఉన్న బిడ్డా," అన్నాడు. "నేనియ్యలే."

దానియేలు వేరే బిళ్ల తీసుకున్నాడు. పాతదాన్ని కూడా జేబులో వేసుకున్నాడు. "ఎక్కడిది అక్కడ పెట్టొస్త," అన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు.

ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ప్రార్థనకు కూర్చుంటే మాట రాలేదు. సైరన్ మోగకముందే మోతిని తీసుకుని గేటు దగ్గర నిలబడ్డాను. జనం వచ్చారు, పోయారు. దానియేలు రాలేదు. గేటు ఖాళీ అయింది.

అప్పుడు మోతి లేచింది. తోక ఊపింది. తలెత్తి ఎవరి ముఖంలోకో చూసింది.

అంత భయం నా జన్మలో ఎరగను. అది చూస్తున్నది ఓదెలునా, మా ఆయననా? "దానియేలూ," అని పిలిచాను. ఎదురుగా మనిషి లేడు. ఆయనను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

మోతి నడక మొదలుపెట్టింది. వెంట పోలేక గొలుసు వదిలేశాను. అది దారిలో ఒకచోట ఆగింది, ఎదురుచూసింది, మళ్లీ నడిచింది. మా సందు దాటి ఓదెలు క్వార్టరు వైపు తిరిగింది. దాని పక్కన ఉన్నది మా ఆయన కాదని అర్థమై, గేటు దగ్గరే మట్టిలో కూలబడి ఏడ్చేశాను.

చాలాసేపటికి దానియేలు ఒక్కడే వచ్చాడు. ఓదెలు పడిన చోట బిళ్ల పెట్టి వచ్చానన్నాడు. అక్కడ ఏం చూశాడో చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ బిళ్లను ముందే ఎవరో పైకి తెచ్చి ఉండొచ్చు. రాజయ్య తాతకు మతిమరుపు ఉండొచ్చు. కుక్కది అలవాటే కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో సమాధానం చెప్పుకుంటాను గానీ, అన్నీ కలిపి చూస్తే ఇప్పటికీ నాకేమీ అర్థం కాదు.

మోతి ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. దానియేలు షిఫ్టు దిగి వస్తుంటే సందు చివరిదాకా ఎదురు పోతుంది. నేను తలుపు కొంచెమే తీసి నిలబడతాను. మోతి ఎవరి ముఖంలోకి చూస్తుందో చూశాకే పూర్తిగా తీస్తాను.