పోటుకి మూడు పక్కలు

శ్యామలాంబ రోజూ రేపల్లె ప్యాసింజరులో తెనాలి ఆసుపత్రికి వచ్చేది. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, వరిచేల పచ్చదనం కళ్ళలోకి పారి కునుకు పట్టేది. ఇరవై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో ఆమె తీరిగ్గా కలలు కన్నది ఆ రైల్లోనే. వార్డులో అడుగుపెట్టాక మాత్రం ఆమె చూపు మనుషుల మొహాలకన్నా ముందు పక్కదుప్పటి ముడతల మీద పడేది. "రోగం సగం తింటే మంచం సగం తింటుంది" అనేది.

పంతొమ్మిది వందల ఎనభై ఏడు వానాకాలంలో, సముద్రపొడ్డున ఉన్న అడవులదీవి నుంచి అంకయ్యను తెచ్చారు. తెరచాప కొయ్య విరిగి మీద పడింది. నడుం కింద స్పర్శ పోయింది. జ్వరంలో మంచాన్ని పడవ అనుకునేవాడు. "ఒడ్డు కనపడతందా?" అని భార్య రత్తాలును అడిగేవాడు. ఆమె కిటికీలోంచి చూసి, "ఇంకాసేపే" అనేది. ఈలోగా నడుం చివరి ఎముక మీద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ లేచింది. పడకపుండు. అది ఎముకను అంటిందా, మనిషి దక్కడన్నాడు డాక్టరు.

శ్యామలాంబ రత్తాలుకు దగ్గరుండి నేర్పింది. నడుం మెలిపడకుండా ఇద్దరు కలిసి దుంగను దొర్లించినట్టు పక్కకు తిప్పాలి. మడమలు పరుపుకి ఆనకూడదు.

"రెండు గంటలకోసారమ్మా. నేను లేకపోతే ఆయాను పిలువు."

"అట్టాగేనండి."

నాలుగు రోజులకు మచ్చ పగిలి చీము వాసన వేసింది. శ్యామలాంబ రత్తాలును నిలదీసింది.

"అసలు తిప్పుతున్నావా?"

"మా అమ్మ తోడండి! పోటుకోసారి, పాటుకోసారి తిప్పతానే ఉన్నా."

"స్పర్శే లేని మనిషికి పోటేంటి?"

పక్కమంచం రోగికి తోడున్న పున్నమ్మ పకపకా నవ్వింది. "నెప్పి పోటు కాదు సిస్టరుగారూ, సముద్రం పోటు! నీళ్ళు ఎక్కితే పోటు, దిగితే పాటు."

రత్తాలుకు గడియారం చూడటం రాదు. ఆసుపత్రిలో కూర్చుని, తిథిని బట్టి ఎక్కడో ఉన్న సముద్రాన్ని వేళ్ళ మీద లెక్కగట్టుకుంటోంది. ఎక్కడానికి ఆరు గంటలు, దిగడానికి ఆరు. ఆరేసి గంటలు ఆయన ఒకే పక్క మీద! తిట్టడానికి నోరు తెరిచిన శ్యామలాంబ ఆగిపోయింది. రెండు గంటలంటే ఎంతసేపో తను చెప్పిందెప్పుడు?

"పోటు ఒక్కసారే ఎక్కుతుందా రత్తాలూ?"

"ఎట్టా ఎక్కుద్దండి! ముందు మోకాటి లోతు, తర్వాత నడుం లోతు, ఆ తర్వాత నిండు."

"అయితే మోకాటికోసారి, నడుముకోసారి, నిండుకోసారి తిప్పు. దిగేటప్పుడూ అంతే."

"పోటుకి మూడు పక్కలా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగందండీ!"

"నాకు సముద్రం తెలిసేడిస్తేగా!"

ఆనాటి నుంచి శ్యామలాంబ వాచీ చూసుకునేసరికే రత్తాలు ఆయాను కేకేసేది. పావుగంట తేడా వచ్చేది కాదు. డాక్టరు చచ్చిన చర్మం కత్తిరించాడు. శ్యామలాంబ రోజూ ఉప్పునీటితో కడిగి కట్టు కట్టేది. సాయంత్రం రైల్లో కళ్ళు మూస్తే, బోగీ నేల మీద నీళ్ళు మెల్లగా మోకాటిదాకా లేస్తున్నట్టుండేది. కాళ్ళు తడిసేవి కావు.

ఆరోవారం కట్టు విప్పితే గుడ్డకు ఎర్రటి చుక్కలు అంటుకున్నాయి. రత్తాలు కొంగు నోట్లో కుక్కుకుంది. "నెత్తురండీ!"

"నెత్తురే. చచ్చిన కండకి రాదమ్మా అది." అడుగున కొత్తమాంసం ఎర్రగా, తడిగా, గింజలు గింజలుగా లేస్తోంది. వాసన లేదు. శ్యామలాంబ దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"చూసింది చాల్లెండి సిస్టరుగారూ, కట్టు కట్టెయ్యండి" అంది రత్తాలు, మొగుడి భుజం కింద చెయ్యి దూరుస్తూ. "నడుం లోతు దాటతంది. ఆయా రాలేదు, ఆ పక్క మీరు పట్టండి."

శ్యామలాంబ గబగబా కట్టు కట్టి, ఆ పక్క పట్టింది.